రొమ్ము మీది బిరుదావళి: పాత ఫొటోల్లో నావికాధికారులు

మా ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో స్తంభాల మీద, గోడల మీద వందలాది శాసనాలున్నాయి. శాసనం చదివేవారు మొదట వెదికేది శకసంవత్సరం, దాత పేరు. ఆ రెండూ చెరిగిపోయిన చోట బిరుదావళి ఆదుకుంటుంది. ఏ బిరుదు ఏ వంశానిదో, ఎప్పటినుంచి వాడుకలోకి వచ్చిందో తెలిస్తే పేరు పోయిన శాసనానికీ ఉజ్జాయింపుగా కాలం కట్టవచ్చు. నావికాధికారుల పాత ఫొటోలను కూడా ఇలాగే చదవవచ్చునని నా అనుభవం. అధికారి ఎడమ రొమ్ము మీద వరుసగా కనిపించే రంగుగుడ్డ ముక్కలు, అనగా రిబ్బన్లు, ఆయన బిరుదావళి.

ఈ విద్యతో మన ప్రాంతానికి పనేమిటని పాఠకులకు అనిపించవచ్చు. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. ఈ తీరం నుంచి వెళ్ళిన తెలుగువారికి బర్మాలో 'కోరంగీలు' అనే పేరే స్థిరపడింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. యుద్ధం గుమ్మం దాకా వచ్చిన ఈ సీమలో నౌకాదళంలో చేరినవారి ఫొటోలు గోడల మీద, ట్రంకు పెట్టెల అడుగున ఇంకా కనిపిస్తుంటాయి. చాలావాటి వెనుక పేరు ఉండదు. "తాతగారి అన్నగారట, నేవీలో చేశారట" అన్న మాటతో కథ ఆగిపోతుంది. ఆ మాట చెప్పగలవారు కూడా వెళ్ళిపోతే ఆ 'అట' సైతం మిగలదు.

ఫొటోలో మొదట చూడవలసింది టోపీ. 1934 అక్టోబరు 2న రాయల్ ఇండియన్ నేవీ ఏర్పడింది. 1950 జనవరి 26న 'రాయల్' అన్న మాట పోయింది, టోపీ బిళ్ళ మీది కిరీటం స్థానంలో అశోకుని సింహాలు వచ్చాయి. కిరీటం కనిపిస్తే ఫొటో అంతకు ముందుదని దాదాపు నిశ్చయించవచ్చు. తరువాత చేతి అంచున ఉండే హోదా పట్టీలు చూడాలి. అవి తిన్నగా ఉంటే శాశ్వత దళం. ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటే రిజర్వు, అంటే వాణిజ్య నౌకల నుంచి వచ్చిన వృత్తి నావికులు. అలల్లా వంపులు తిరిగి ఉంటే వాలంటీరు రిజర్వు, అంటే యుద్ధం కోసం ఇతర వృత్తులు వదిలి వచ్చినవారు.

రిబ్బన్ల వరుసకు ఖచ్చితమైన నియమం ఉంది. అన్నిటికన్న గౌరవప్రదమైనది పై వరుసలో, రొమ్ము మధ్యభాగానికి దగ్గరగా ఉంటుంది. చూసేవారికి అది ఎడమ చివర. కాబట్టి పుస్తకం చదివినట్టే ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి చదువుకోవచ్చు. రిబ్బన్లన్నీ కుడి రొమ్ము మీద కనిపిస్తే నెగటివును తిరగేసి అచ్చువేశారేమోనని అనుమానించాలి.

నలుపు తెలుపు ఫొటోలో రంగులెలా తెలుస్తాయి? అసలు చిక్కు ఇక్కడే. పాత స్టూడియోలలో చాలాకాలం వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనబడదు. అందులో ఎరుపు నల్లగా, నీలం తేలికగా పడతాయి. తరువాత వచ్చిన పాన్‌క్రొమాటిక్ ఫిల్ము అన్ని రంగులనూ పట్టుకుంటుంది. రెండవ ప్రపంచయుద్ధపు 1939–45 స్టారు రిబ్బనులో ముదురు నీలం, ఎరుపు, లేత నీలం సమాన పట్టీలుంటాయి. అవి నౌకాదళానికి, పదాతి దళానికి, వైమానిక దళానికి గుర్తులు. పాత ఫిల్ములో దీని నడిమి పట్టీ అన్నిటికన్న నల్లగా కనిపిస్తుంది. స్వాతంత్ర్య పతకపు రిబ్బను కూడా మూడు సమాన పట్టీలదే, కాని అది కాషాయం, తెలుపు, ఆకుపచ్చ. దానిలో నడిమి పట్టీయే అన్నిటికన్న తెల్లన. ఈ ఒక్క తేడాతో 1947 ఆగస్టు 15కు ఇటువైపు ఫొటోను అటువైపు ఫొటో నుంచి వేరుచేయవచ్చు. చేత్తో రంగులద్దిన ఫొటోలను మాత్రం నమ్మరాదు. ఆ రంగులు చిత్రకారుని ఊహలు.

ఒక ఉదాహరణ. మా బంధువుల ఇంట ఒక యువ అధికారి ఫొటో ఉంది. "యుద్ధానికి పోయేముందు తీయించుకున్నాడు, ఆ తరువాత మనిషి కనబడలేదు" అని ఆ ఇంట మూడు తరాలుగా చెప్పుకుంటున్నారు. టోపీ మీద కిరీటం, చేతికి అలల పట్టీలు రెండు, అంటే వాలంటీరు రిజర్వులో లెఫ్టినెంటు. రొమ్ము మీద రెండే రిబ్బన్లు. మొదటిది 1939–45 స్టారు. రెండవదానికి నడుమ వెడల్పాటి నల్లని పట్టీ, రెండు వైపులా తేలికరంగు, ఆ తేలికరంగు మధ్యన మళ్ళీ ఒక్కొక్క సన్నని నల్లగీత. నీలం మీద ఎరుపు, నారింజ రంగులున్న బర్మా స్టారు పాత ఫిల్ములో ఇలాగే పడుతుంది. బర్మా స్టారును నెలకొల్పింది 1945 మే నెలలో. కనుక అది వెళ్ళేముందు తీసిన ఫొటో కాదు, వెళ్ళివచ్చాక తీసినది. నావికులకు ఆ పతకం బంగాళాఖాతంలో చేసిన సేవకు ఇచ్చేవారు. ఆయన యుద్ధం చేసింది ఎక్కడో దూరదేశాన కాదు, మన తీరాన్ని తాకే సముద్రం మీదనే. 1945 ఆగస్టులో ఏర్పడిన వార్ మెడల్ రిబ్బను ఇందులో లేదు. లేకపోవడం అంత బలమైన సాక్ష్యం కాకపోయినా, ఫొటో 1945 నడిమిదని అనుకోవడానికి తోడ్పడుతుంది. ఆ తరువాత ఆయన ఏమయ్యాడో రిబ్బన్లు చెప్పలేవు. కాని ప్రశ్న మారింది. ఇన్నాళ్ళూ ఆ ఇంటివారు "ఏ ఓడలో పోయాడో" అనుకున్నారు. ఇప్పుడు "తిరిగి వచ్చినవాడు ఇంటికెందుకు రాలేదు" అని అడగవలసి వస్తోంది. ఈ మాట విన్న ఆ ఇంటి పెద్దావిడ చాలాసేపు మౌనంగా ఉండిపోయారు.

ప్రసిద్ధుల ఫొటోల్లోనూ పేరుకన్న దుస్తులే నమ్మదగినవి. రామదాస్ కటారి గారు 1911లో చెంగల్పట్టులో పుట్టి, 1927లో డఫరిన్ శిక్షణనౌకలో తొలి జట్టులో చేరారు. 1958 ఏప్రిల్ 22న భారత నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు. పదవీ విరమణ తరువాత ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు అధ్యక్షులుగా పనిచేశారు. ఆయనను 'అడ్మిరల్' అనడం వాడుక. కాని ఆయన హోదా వైస్ అడ్మిరల్, అంటే చేతికి ఒక వెడల్పు పట్టీ, దానిపైన రెండు సన్నపట్టీలు. మన నౌకాధిపతికి పూర్తి అడ్మిరల్ హోదా 1968లో గాని రాలేదు. కటారి గారిదని చూపే ఫొటోలో మూడు సన్నపట్టీలుంటే అది మరొకరిది.

1960 తరువాతి ఫొటోలు చదవడం మరికొంత సులువు. విశిష్ట సేవా పతకాలు మూటికీ రిబ్బను బంగారు రంగే. పరమ విశిష్టకు ఒక ముదురు నీలిగీత, అతి విశిష్టకు రెండు, విశిష్టకు మూడు. రంగు తెలియకపోయినా గీతలు లెక్కపెట్టవచ్చు. ఇప్పటి పేర్లు 1967లో వచ్చినవి. అంతకుముందు అవి ఒకటవ, రెండవ, మూడవ తరగతులు.

చివరగా ఒక విన్నపం. రెండవ ప్రపంచయుద్ధపు పతకాలను బ్రిటన్‌లో తమవారికి పేర్లు చెక్కకుండానే ఇచ్చారు. భారతీయ దళాలకు ఇచ్చినవాటి మీద మాత్రం గ్రహీత పేరు వేశారు. స్టార్లకు వెనుకవైపున, గుండ్రని పతకాలకు అంచున భూతద్దంతో చూస్తే పేరు కనిపిస్తుంది. పేరులేని ఫొటోకు పేరు తెచ్చిపెట్టగలది ఆ అంచు ఒక్కటే. వెండి అనుకొని కంసాలి దగ్గరకు తీసుకుపోయేవారున్నారు. స్టార్లు రాగి, తుత్తునాగం కలిసిన లోహం, వార్ మెడల్ రాగి, నికెలు. కరిగిస్తే వచ్చే సొమ్ము స్వల్పం, పోయే పేరు మళ్ళీ దొరకదు. పతకం ఉన్నవారు దానిని ఆ ఫొటోతో కలిపి ఒకేచోట ఉంచండి. ఫొటో వెనుక మెత్తని పెన్సిలుతో, తెలిసినంతవరకు, పేరు, ఊరు, చెప్పినవారి పేరు రాయండి.