తెలుగు జానపద చిత్రాల్లో రాక్షసులు, వింతజీవులు

తెలుగు తెరపై రాక్షసులు, బేతాళులు, తాటిచెట్టంత ఆకారాలు ఎక్కువగా జానపద, పౌరాణిక చిత్రాల్లోనే కనిపిస్తాయి. అమెరికాలో రాకాసి జంతువుల కథలను చవకగా, నేరుగా టీవీ కోసమే తీసే సంప్రదాయం ఉంది. తెలుగులో ఆ స్థానం థియేటర్ల కోసం తీసిన తక్కువ ఖర్చు జానపదాలది. ఆ ఆకారాలను తెరపై నిలబెట్టే విద్య మద్రాసులో కెమెరా పనితనంగా ఎదిగి, తర్వాత హైదరాబాద్‌లో కంప్యూటర్ పనిగా మారింది.

పునాదులు

విజయా సంస్థకు కె.వి.రెడ్డి తీసిన ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) ఈ బాటకు ఆద్యాలు. రెంటికీ ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడిగా ఎస్.వి.రంగారావు పెళ్లి వంటకాలన్నీ ఒక్కడే ఆరగించే ఘట్టం నేటికీ ట్రిక్ షాట్లకు ఒరవడి. ఎన్.టి.రామారావు దర్శకత్వం వహించిన ‘సీతారామ కల్యాణం’ (1961)లో రావణుడి పది తలలకు, కైలాసాన్ని ఎత్తే దృశ్యానికి కెమెరాతో ప్రాణం పోసినవాడు రవికాంత్ నగాయిచ్.

విఠలాచార్య

పెద్ద సంస్థలు చేసిన ఇంద్రజాలాన్ని చిన్న బడ్జెట్‌లోకి తెచ్చి, ఊరూరా జనానికి అలవాటు చేసిన ఘనత ‘జానపద బ్రహ్మ’ బి.విఠలాచార్యది (1920–1999). ఉడుపి ప్రాంతంలో పుట్టి, కన్నడంలో మొదలుపెట్టి తెలుగుకు వచ్చారు. ‘బందిపోటు’ (1963), ‘అగ్గిపిడుగు’ (1964), ‘లక్ష్మీకటాక్షం’ (1970) ఆయన చిత్రాల్లో కొన్ని. కాంతారావు కత్తియుద్ధాలకు, మంత్రగాళ్ల మాయలకు నేల టిక్కెట్టు ప్రేక్షకులు బ్రహ్మరథం పట్టారు. ‘జగన్మోహిని’ (1978)లో దయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లే పెట్టి వంట చేస్తుంది. భయాన్నీ వినోదాన్నీ ఒకే షాట్‌లో పండించిన ఆ ఊహకు ఖర్చు స్వల్పం, ఆయుష్షు దీర్ఘం.

ఆకారం పెంచే విద్య

మనిషిని రాక్షసుడిగా చూపడానికి మూడు ఉపాయాలు ప్రధానం. మొదటిది దూరాల లెక్క: రాక్షస వేషధారి కెమెరాకు దగ్గరగా, కథానాయకుడు బాగా వెనక్కి నిలబడతారు, ఇద్దరూ స్పష్టంగా కనబడేలా లెన్సు అమర్చి, దీపాలు ఎక్కువ వేస్తారు. రెండోది మాస్క్ షాట్: లెన్సులో సగం మూసి ఒకరిని తీసి, ఫిల్ము వెనక్కి తిప్పి, రెండో సగం తెరిచి మరొకరిని తీస్తారు. ఈలోగా కెమెరా వెంట్రుకవాసి కదిలినా నడుమ గీత బయటపడి షాట్ పాడవుతుంది. మూడోది మినియేచర్: బొమ్మ కోటను ఎక్కువ వేగంతో చిత్రీకరిస్తే, తెరపై అది మెల్లగా, నిజమైన బరువుతో కూలినట్టుంటుంది. నటుడు లేనిదాన్ని సరైన ఎత్తులో చూడగలిగితేనే వీటికి నమ్మకం కుదురుతుంది.

హైదరాబాద్ దశ

అమీర్‌పేటలో 1950ల చివర్లో సారథి స్టూడియో పని ప్రారంభించింది. 1970లలో జూబ్లీహిల్స్ ప్రాంతంలో అన్నపూర్ణ స్టూడియోస్ వెలిసింది. ఆపై ఫిల్మ్‌నగర్ పరిశ్రమకు చిరునామా అయింది. కోడి రామకృష్ణ దర్శకత్వంలో శ్యామ్‌ప్రసాద్ రెడ్డి నిర్మించిన ‘అమ్మోరు’ (1995) కంప్యూటర్ గ్రాఫిక్స్‌ను విస్తృతంగా వాడుకున్న తొలి తెలుగు చిత్రాల్లో ఒకటి. అదే జోడీ ‘అంజి’ (2004), ‘అరుంధతి’ (2009) అందించింది. రాజమౌళి ‘ఈగ’ (2012)లో కొలత తిరగబడింది: ఈగ కంటికి మనిషే మహాకాయుడు. ఆ చిత్రం గ్రాఫిక్స్‌కు జాతీయ పురస్కారం దక్కింది.

టెలివిజన్

అమెరికాలో సైఫై చానల్ ‘షార్క్‌టోపస్’ (2010), ‘షార్క్‌నేడో’ (2013) వంటివాటిని చవకగా తీయించి ప్రసారం చేసింది. తెలుగులో 1990లలో వచ్చిన ప్రైవేటు చానళ్లు పాత జానపదాలనే మళ్లీ మళ్లీ వేసి కొత్త తరానికి చేర్చాయి.

ప్రాముఖ్యం

ఈ చిత్రాలను చవకబారు సినిమాలని పక్కనపెట్టడం అన్యాయం. డబ్బు చాలనిచోట ఛాయాగ్రాహకులు, కళా దర్శకులు, మేకప్ కళాకారులు కనిపెట్టిన ఉపాయాలే తెలుగు ట్రిక్ ఛాయాగ్రహణానికి పాఠశాల. వాటికి సినిమా చరిత్రలో పౌరాణికాలతో సమానమైన చోటు దక్కాలి.