జనగణమనకు ముందు ఏడు అడుగులు

డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగిలో పొద్దెక్కేదాకా మంచు విడవదు. ఆ వేళలో ఆటల పోటీలు మొదలుపెడితే మైదానానికి ఈ చివర ఉన్నవాళ్లకు ఆ చివర జెండా కర్ర కనిపించదు. శాలువాలు కప్పుకుని చలిమంట చుట్టూ చేరిన జనం లేవాలంటే మైకులో మాట వినపడాలి: "అందరూ లేచి నిలబడండి, జాతీయ గీతాలాపన!" ఆశ్రమ పాఠశాల పిల్లలకైతే పీఈటీ మాస్టారి "అటెన్షన్" కేక ఒక్కటే చాలు. ఆ కేక వెనక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

మ్యాచ్‌కు ముందు జాతీయ గీతం పాడిన తొలి సందర్భంగా చెప్పుకునే నాడు ప్రకటనే లేదు. 1905 డిసెంబరు 16న కార్డిఫ్‌లో వేల్స్‌తో రగ్బీ ఆడవచ్చిన న్యూజిలాండ్ జట్టు తమ హాకా నృత్యం చేసింది. దానికి జవాబుగా వేల్స్ ఆటగాడు టెడ్డీ మోర్గాన్ తమ గీతం ఎత్తుకున్నాడు, ప్రేక్షకులు అందుకున్నారు. అమెరికాలో 1918 సెప్టెంబరు 5న, యుద్ధం సాగుతుండగా, షికాగో బేస్‌బాల్ మ్యాచ్ మధ్యలో బ్యాండువాళ్లు అందుకున్న పాట ఆ దేశానికి అధికారిక గీతం అయింది 1931లో. రెండో ప్రపంచ యుద్ధం నాటికి లౌడ్‌స్పీకర్లు స్టేడియాల్లోకి వచ్చేశాయి. ప్రతి మ్యాచ్‌కూ ముందు గీతం పెట్టడం అక్కడ ఆనవాయితీగా స్థిరపడింది అప్పుడే.

మన కథా అలాంటిదే. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ హాకీ ఫైనల్‌కు ముందు మనవాళ్లు డ్రెస్సింగ్ రూమ్‌లో కాంగ్రెస్ జెండాకు వందనం చేసి బరిలోకి దిగారు. జెండాను అలా గుట్టుగా తలుచుకోవాల్సిన రోజులవి. పన్నెండేళ్లు తిరిగాక, 1948 ఆగస్టు 12న లండన్ వెంబ్లీలో బ్రిటన్‌నే 4-0తో ఓడించినప్పుడు మన జెండా ఎగిరింది, మన గీతం మోగింది. రాజ్యాంగ సభ జనగణమనను జాతీయ గీతంగా ప్రకటించింది మాత్రం 1950 జనవరి 24న. ఆటస్థలం చట్టం కోసం ఆగలేదు.

ఆ గీతానికి తెలుగునేలతో ఉన్న బంధం పాతదే. 1919 ఫిబ్రవరిలో మదనపల్లె కళాశాలలో రవీంద్రుడు దాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు, మార్గరెట్ కజిన్స్ స్వరలిపి రాశారు.

ప్రకటన సంగతికి వస్తే, కేంద్ర హోం శాఖ ఉత్తర్వుల్లో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. బ్యాండు గీతం వాయించే ముందు, వేరే సూచన ఏదీ లేకపోతే, డ్రమ్ము మోగాలి. నెమ్మది కవాతులో ఏడు అడుగులు పడేంతసేపు. మెల్లగా మొదలై, వీలైనంత హోరుకు పెరిగి, మళ్లీ తగ్గాలి. ఏడో దెబ్బ దాకా వినపడుతూనే ఉండాలి. తర్వాత ఒక దెబ్బ విరామం, అప్పుడు గీతం. ఉత్తర్వు రాసిన గుమాస్తా ఎవరో గానీ జనాన్ని ఎరిగినవాడు! కూర్చున్నవాళ్లు లేవడానికి, టోపీ సర్దుకోవడానికి, కబుర్లు ఆపడానికి కాస్త వ్యవధి కావాలి కదా. 52 సెకన్ల గీతానికి ఆ వ్యవధే గుమ్మం.

పతకాల వేదిక మీద సంగతి వేరు. అక్కడ గీతం గెలిచినవాళ్లకే దక్కుతుంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రేక్షకులు గేలి చేస్తున్నా, హైదరాబాదీ ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం శిష్యులు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి దాన్ని దక్కించుకున్నారు. 2000 సిడ్నీలో కరణం మల్లీశ్వరిది కంచు పతకం కనుక ఆమె వేదికపై విన్నది చైనా గీతం. 2019 ఆగస్టులో బాసెల్‌లో ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచిన పి.వి. సింధు జనగణమన వింటూ కన్నీళ్లు ఆపుకోలేకపోయింది.

ఇప్పుడు డ్రమ్ము పోయి బటన్ వచ్చింది. బటన్‌తో పొరపాట్లూ వచ్చాయి. 2025 ఫిబ్రవరి 22న లాహోర్‌లో ఒక క్రికెట్ టోర్నీలో ఆస్ట్రేలియా, ఇంగ్లాండ్ మ్యాచ్‌కు ముందు ఆస్ట్రేలియా గీతం బదులు రెండు మూడు సెకన్లు జనగణమన వినిపించింది. మన జట్టు ఆ టోర్నీలో పాకిస్తాన్‌లో అడుగే పెట్టలేదు!

లంబసింగి ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా అమ్మాయే పాంగి కరుణ కుమారి. 2025 నవంబరులో కొలంబోలో అంధ మహిళల టీ20 ప్రపంచ కప్ గెలిచిన జట్టు సభ్యురాలు. బంతిలోని గలగలను బట్టి ఆడే క్రికెట్ అది. చూపు లేనివాళ్లకు జెండా ఎగరడం తెలిసేది చెవులతోనే. వాళ్ల కోసమైనా ప్రకటన స్పష్టంగా ఉండాలి.

కాబట్టి మన్యంలో వాలీబాల్, కబడ్డీ పోటీలు పెట్టే కుర్రాళ్లకు నా విన్నపం ఇదే. వీలైతే పిల్లల చేత పాడించండి. ఫోన్‌లోదే పెట్టాల్సి వస్తే ముందుగా డౌన్‌లోడ్ చేసుకోండి, మధ్యలో వాణిజ్య ప్రకటన దూరకుండా చూసుకోండి. జనం మాట్లాడే భాషలో లేవమని చెప్పండి. చెప్పాక ఏడు అడుగులంత సేపు ఆగి, అప్పుడు బటన్ నొక్కండి.