మన్యమున డొంబులు - సమాజశాస్త్రదృష్టి

1899లో, డ్రైఫస్ వివాదము ఫ్రాన్సును కలచుచున్న తరుణమున, యూదుద్వేషమునకు కారణమేమని డగాన్ అడుగగా, సమాజశాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ దాని మూలమును ద్వేషింపబడువారియందు గాక ద్వేషించు సమాజపు వ్యథయందు వెదకెను. బాధలోనున్న సమాజము తన కష్టమునకు బాధ్యులను పరియాలలో చూపునట. ఆ పదము తమిళదేశమునుండి ఐరోపాకేగినదే!

అరకు మొదలగు విశాఖ మన్యసీమలందు అట్టి అనుమానమునకు గురియైనవారు డొంబులు. వారు గిరిజనులకు బట్ట నేసిరి, చిల్లర వర్తకము సాగించిరి, వాద్యములు మ్రోయించిరి. ఫ్రాన్సిస్ గెజెటీరు (1907), థర్‌స్టన్ సంపుటములు (1909) వారిని నేరప్రవృత్తిగలవారిగా చిత్రించినవి. మన్యపు అప్పులను, అటవీ నిబంధనలను ఆ నేరములతో జోడించి చూచుట వానియందు అరుదు. దుర్ఖైమ్ ప్రశ్న మన మన్యమున ఎవరును వేయలేదనియే నా అభిప్రాయము.

పుట్టుకనే నేరముగా నెంచిన 1871 నాటి చట్టము 1911లో మదరాసునకు విస్తరించి, 1952లో రద్దయ్యెను. థర్‌స్టన్ మాత్రము కులచరిత్రలకు నేటికిని ఆధారమే.