భారతదేశంలో నైట్రస్ ఆక్సైడ్ ఉద్గారాలు

భారతదేశం వెలువరించే హరితగృహ వాయువుల్లో కార్బన్ డయాక్సైడ్, మీథేన్‌ల తర్వాతి స్థానం నైట్రస్ ఆక్సైడ్‌ది. లాఫింగ్ గ్యాస్ అన్నది దీని వాడుక పేరు. ఇది వాతావరణంలో సుమారు 110 ఏళ్లు నిలిచి ఉంటుంది. నూరేళ్ల లెక్కన చూస్తే దీని టన్ను 273 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. ఓజోన్ పొరను కూడా దెబ్బతీస్తుంది. అయినా మాంట్రియల్ ఒప్పందం అదుపు చేసే పదార్థాల జాబితాలో దీనికి చోటు లేదు.

2024లో వెలువడిన ప్రపంచ నైట్రస్ ఆక్సైడ్ బడ్జెట్ ప్రకారం, 2020లో మనుషుల పనుల వల్ల పుట్టిన ఉద్గారాల్లో చైనా వాటా 16.7 శాతం, భారత్ వాటా 10.9 శాతం. మూడో స్థానంలో ఉన్న అమెరికాది 5.7 శాతమే. మన ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన నివేదికలు 1994కు 1.78 లక్షల టన్నులు, 2000కు 2.57 లక్షల టన్నులు చూపాయి. 2007కు వేసిన జాతీయ అంచనా 2.39 లక్షల టన్నులు. దీన్ని తగ్గుదల అనుకోకూడదు. లెక్క కట్టే పద్ధతులూ గుణకాలూ నివేదిక నివేదికకూ మారాయి. 2020లో దేశపు మొత్తం ఉద్గారాలు 295.9 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం కాగా, అందులో నైట్రస్ ఆక్సైడ్ 5.13 శాతం. 2016లో అది 5.12 శాతం. వాటా కదలలేదు గానీ మొత్తం పెరిగింది.

ఇందులో సింహభాగం పొలాలదే. నేలలో పడిన యూరియా అమ్మోనియంగా, ఆపై సూక్ష్మజీవుల చేతిలో నైట్రేట్‌గా మారుతుంది. ఆ దారిలో కొంత నత్రజని నైట్రస్ ఆక్సైడ్‌గా జారిపోతుంది. నేల తడిసి గాలి ఆడనప్పుడు నైట్రేట్ విరిగి మరికొంత పుడుతుంది. వేసిన నత్రజనిలో ఒక శాతం ఇలా నేరుగా పోతుందన్నది అంతర్జాతీయంగా వాడే స్థూల గుణకం. ఆ లెక్కన 45 కిలోల యూరియా బస్తాలోని 20.7 కిలోల నత్రజని నుంచి సుమారు 325 గ్రాముల నైట్రస్ ఆక్సైడ్ వెలువడుతుంది. అంటే దాదాపు 89 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. దేశం 2023–24లో వాడిన యూరియా మూడున్నర కోట్ల టన్నుల పైమాటే.

ఇంత వాడకానికి రైతు ఒక్కడినే తప్పుపట్టడం సరికాదు. 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ తెచ్చినప్పుడు యూరియాను దాని పరిధిలోకి తేలేదు. భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలు పెరిగాయి, యూరియా చవకగానే ఉండిపోయింది. నైట్రేట్‌గా మారే వేగాన్ని తగ్గించే వేపపూతను 2015 నుంచి దేశీయ యూరియా అంతటికీ తప్పనిసరి చేశారు. 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన రామగుండం కర్మాగారం నుంచి వచ్చేదీ వేపపూత యూరియానే.

వరి సంగతి కాస్త చిక్కైనది. నిలువ నీటి మడిలో మీథేన్ ఎక్కువ, నైట్రస్ ఆక్సైడ్ తక్కువ. మీథేన్ తగ్గించడానికి పొలాన్ని ఆరబెట్టి తడుపుతుంటే రెండోది పెరుగుతుంది. దక్షిణ భారత వరి పొలాల్లో నైట్రస్ ఆక్సైడ్ మునుపటి అంచనాలను బాగా మించి వస్తోందని 2018లో ఒక పరిశోధన ప్రకటించింది. ఆ కొలతలను అన్ని పొలాలకూ వర్తింపజేయలేమని మరుసటి ఏడాది ఇతర శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. నీటితోపాటు ఎరువు మోతాదునూ సరిచూడకపోతే ఆరుతడి లాభం కొంత కరిగిపోతుందన్న మాట మాత్రం నిలుస్తుంది.

పశువుల పేడ నిల్వలు, కొయ్యకాళ్ల దహనం, మురుగునీరు, ఇంధనాల వాడకం మిగతా వనరులు. పరిశ్రమల్లో నైట్రిక్ ఆమ్లం, నైలాన్ ముడిసరుకైన కాప్రోలాక్టమ్ తయారీ ముఖ్యమైనవి. పొగగొట్టం దగ్గర ఉత్ప్రేరకం అమర్చి ఈ వాయువును విడగొట్టవచ్చు కనుక ఇక్కడ అదుపు తేలిక. కోట్ల కమతాల్లో ఆ సౌలభ్యం లేదు. 2009లో ఉద్గార తీవ్రతను తగ్గిస్తామని భారత్ ఇచ్చిన హామీ కూడా వ్యవసాయాన్ని మినహాయించింది. అంటే ఈ వాయువు ప్రధాన వనరు ఆ లక్ష్యం బయటే ఉండిపోయింది.