బెరడులో దాచిన నిప్పు



వానాకాలం పొద్దున్నే అగ్గిపెట్టె చెమ్మగిల్లి పుల్ల వెలగకపోతే ఎంత విసుగో మీకు తెలియనిది కాదు. మా అమ్మమ్మ రోజుల్లో రాత్రిపూట పొయ్యిలో నిప్పు మీద బూడిద కప్పి ఉంచేవారట. తెల్లారేసరికి అదీ ఆరిపోతే పిడక పుచ్చుకుని పొరుగింటికి వెళ్ళడమే! అగ్గిపుల్ల 1827లో ఇంగ్లండులో జాన్ వాకర్ అనే ఆయన అమ్మకానికి పెట్టిన వస్తువు. అంతకు ముందు వేల ఏళ్ళు మనుషులు నిప్పును చంటిపిల్లలా సాకవలసి వచ్చింది.

1991 సెప్టెంబరులో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దున ఆల్ప్స్ పర్వతాల్లో, 3,210 మీటర్ల ఎత్తున, మంచులోంచి ఒక మనిషి దేహం బయటపడింది. సుమారు 5,300 ఏళ్ళ కిందటివాడు. లోకం అతన్ని ఓట్జి అంటోంది. అతని సామానులో బర్చ్ చెట్టు బెరడుతో చేసిన డబ్బాలు రెండున్నాయి. ఒకదాని లోపల మసి, బొగ్గు నలుసులు, మేపుల్ ఆకులూ కనిపించాయి. నిప్పు కణికల్ని పచ్చి ఆకుల్లో చుట్టి మోసుకెళ్ళాడన్నమాట! నడుము సంచిలో చెకుముకి రాయి పనిముట్లు, నిప్పురవ్వ పట్టుకునే పుట్టగొడుగు కూడా ఉన్నాయి.

విచిత్రమేమిటంటే, బర్చ్ బెరడే భగ్గున మండే సరుకు. అందులో బెటులిన్ అనే పదార్థం ఉంటుంది. పైన నీళ్ళు పడినా లోపలికి ఇంకవు. అందుకే చలిదేశాలవాళ్ళు వానలోనైనా, మంచులోనైనా దాన్ని సన్నగా చీల్చి పొయ్యి రాజేసుకునేవారు.

ఈ చెట్టు మనకు పరాయిది కాదండోయ్! హిమాలయాల్లో పెరిగే దాని తోబుట్టువే మన భూర్జవృక్షం. మనకు తాటాకెలాగో, ఉత్తరాదివారికి భూర్జపత్రం అలాగ. 1881లో పెషావరు దగ్గర బఖ్షాలీలో దొరికిన లెక్కల గ్రంథం దీని మీద రాసిందే. అదే చెట్టు అటు చదువుకీ ఇటు పొయ్యికీ కూడా పనికొచ్చింది.

ఆ పనికిరావడమే దానికి చేటయింది. గంగోత్రి నుంచి గోముఖానికి వెళ్ళే దారిలో భోజ్‌బాసా అనే మజిలీ ఉంది. ఈ భోజ వృక్షాల వల్లే ఆ పేరొచ్చింది. వంటచెరుకు కోసం నరికి నరికి, పేరు మిగిలింది, చెట్లు పోయాయి. 1981లో నందాదేవి శిఖరమెక్కిన హర్షవంతి బిష్త్ గారు ఆ లోయలో మళ్ళీ భోజ మొక్కలు పెంచే పనికి పూనుకున్నారు. శిఖరమెక్కిన పేరుతో తృప్తిపడి ఊరుకోలేదావిడ.

బతికున్న చెట్టుకు లోపలి బెరడుదాకా చుట్టూ ఒలిచేస్తే వేళ్ళకు ఆహారం అందక చెట్టే చచ్చిపోతుంది. అందుచేత కొండలకు యాత్ర వెళ్ళినప్పుడు, కాగితంలా ఊడివస్తోంది కదా అని ఆ బెరడు లాగకండి, పిల్లల్ని లాగనివ్వకండి. నిప్పు ఆరిపోతే పొరుగింట అడిగి తెచ్చుకున్నాం. చెట్టు పోతే ఏ ఇంటికెళ్ళి అడుగుతాం?