పడవలో పాత చరిత్ర: మన స్వర్ణోత్సవ యాత్ర ఎటు?

స్వర్ణోత్సవాల తర్వాత పూర్వ విద్యార్థులమంతా కలిసి నాలుగు రోజుల యాత్ర చేయాలన్న మాట మన సంఘంలో చాలా రోజులుగా నలుగుతోంది. బస్సు వద్దు, పడవ యాత్రే కావాలని ఎక్కువమంది అంటున్నారు. కారణం అందరికీ తెలిసిందే. తొలి బ్యాచ్‌ల వాళ్లకు అరవై దాటాయి. వాళ్లలో చాలామందివి భూగర్భ గనుల్లో ముప్ఫై ఏళ్లు నడిచిన మోకాళ్లు. రోజుకో ఊళ్లో లాడ్జి మారుస్తూ, పొద్దున్నే సంచులు సర్దుకుంటూ తిరగడం ఇక కష్టం. పడవలో అయితే ఒక్కసారి సంచి విప్పితే చాలు, చూడాల్సిన ఊళ్లే మన దగ్గరికి వస్తాయి. పిల్లలు విదేశాల్లో స్థిరపడినవాళ్లు నైలు నది పేరు చెప్పారు. కొందరు కాశీ అన్నారు. పాపికొండలు అన్నవాళ్లు సరేసరి.

చూడబోయేవి పురాతన స్థలాలు కాబట్టి చరిత్ర పాఠం చెప్పినవాడిగా నన్నూ నాలుగు ముక్కలు రాయమన్నారు. పడవలో గది ఎలా ఉంటుంది, భోజనంలో ఏం పెడతారు అన్నవి ఏజెంట్లు ఎలాగూ చెబుతారు. వాళ్లు చెప్పనివి మూడు ఉంటాయి. పాత కట్టడాలు నీటికి ఎంత దగ్గర? అక్కడ మనల్ని ఎంతసేపు దిగనిస్తారు? మనం తేలుతున్న నీళ్ల అడుగున ఏముంది? ఈ మూడోది ఎవరూ అడగరు. నాకు మాత్రం ముఖ్యమైనది అదే.

ముందు నైలు సంగతి. లక్సర్ నుంచి అస్వాన్ దాకా నది మీద సుమారు 200 కిలోమీటర్లు, మూడు నాలుగు రాత్రుల ప్రయాణం. దారిలో ఎస్నా దగ్గర లాకులు దాటాలి. ఎడ్ఫు, కోమ్ ఓంబో ఆలయాలు దారిలోనే వస్తాయి. కోమ్ ఓంబో అయితే ఒడ్డు మీదే ఉంటుంది, దిగి నాలుగడుగులు వేస్తే గుడి. పడవ యాత్రకు ఇంతకంటే అనువైన నది ప్రపంచంలో లేదని ఒప్పుకోవాలి. అయితే సీజన్‌లో ఒకదాని వెనుక ఒకటి పదుల కొద్దీ పడవలు ఆగుతాయి. గుడిలో గంటన్నర, తిరిగి పడవలో భోజనం. డబ్బు కట్టే ముందు ఒడ్డు మీద ఎన్ని గంటలో రాయించుకోవడం మంచిది. ఎడ్ఫు ఆలయం కట్టడం క్రీ.పూ. 237లో మొదలైంది. ఈ సంవత్సరం కాస్త గుర్తుంచుకోండి, మన గోదావరి దగ్గర మళ్లీ పనికొస్తుంది.

నైలు మీద ఆనకట్ట కట్టినప్పుడు ఏం జరిగిందో కూడా చెప్పాలి. అస్వాన్ హైడ్యామ్ నీళ్లలో మునిగిపోకుండా అబూ సింబెల్ ఆలయాలను 1964 నుంచి 1968 దాకా రాళ్లుగా కోసి, పైకి తెచ్చి మళ్లీ పేర్చారు. ఫిలే ఆలయాన్ని పక్క ద్వీపానికి మార్చి 1980లో తెరిచారు. యునెస్కో పిలుపుతో దేశదేశాలు డబ్బు ఇచ్చాయి. ఈ రోజు యాత్రికులు వాటిని చూస్తున్నారంటే ముందు తవ్వి, తర్వాత ముంచడం వల్లే.

కాశీ నుంచి అస్సాంలోని డిబ్రూగఢ్ దాకా 2023 జనవరిలో గంగా విలాస్ అనే నౌక బయలుదేరింది. 51 రోజులు, సుమారు 3,200 కిలోమీటర్లు. మన పింఛన్లకు అది అందే పండు కాదు కనుక ముందుకు పోదాం.

పాపికొండలు అందరికీ ఇష్టమే. కొండల మధ్య నది సన్నబడి వంపు తిరిగే చోటు అందం ఎంత చెప్పినా తక్కువే. కానీ మనం పురాతన స్థలాలు చూడాలనుకుంటున్నాం. ఆ దారిలో చరిత్ర తక్కువ, ప్రకృతి ఎక్కువ. పట్టిసీమ వీరభద్రాలయం ఉంది, ఎగువన పర్ణశాల, భద్రాచలం ఉన్నాయి. భద్రాచలం గుడి మనకు ఎంత దగ్గరిదైనా కంచర్ల గోపన్న కాలం, అంటే పదిహేడో శతాబ్దం నాటిది. ఇంకో సంగతి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరదలో లాంచీ మునిగి ఎన్ని కుటుంబాలు కూలాయో మరవకూడదు. వానాకాలంలో గోదావరి మీద పడవ ఎక్కమని నేను ఎవరికీ చెప్పను, లైఫ్ జాకెట్ ఇచ్చినా సరే.

ఇక కృష్ణ. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం దాకా మన రాష్ట్ర పర్యాటక శాఖ లాంచీ నడుపుతుంది. సుమారు 110 కిలోమీటర్లు, నల్లమల మధ్య నుంచి పగలంతా ప్రయాణం. సాయంత్రానికి లింగాలగట్టు దగ్గర దిగి కొండెక్కితే మల్లన్న దర్శనం. సాగర్‌లో నీటి మట్టం తగినంత ఉన్నప్పుడే ఇది నడుస్తుంది కనుక వానలు తగ్గాక, చలికాలంలో పెట్టుకోవాలి. ముందు రోజు నాగార్జునకొండకు వేరే లాంచీలో వెళ్లి రావచ్చు. ఈ యాత్రను నేను సిఫార్సు చేయడానికి కారణం నల్లమల మాత్రమే కాదు, ఆ నీళ్ల అడుగున ఉన్న విజయపురి.

విజయపురి ఇక్ష్వాకుల రాజధాని. మూడు, నాలుగు శతాబ్దాల్లో కృష్ణ లోయలో వెలిగిన ఊరు. అక్కడి మహాచైత్యాన్ని కట్టించింది రాజు శాంతమూలుడి సోదరి శాంతిశ్రీ. బోధిశ్రీ అనే ఉపాసిక ఇచ్చిన దానాల శాసనంలో సింహళ విహారం ప్రస్తావన ఉంది. శ్రీలంక భిక్షువుల కోసం కృష్ణ ఒడ్డున విహారం ఉండేదంటే ఆ ఊరి రాకపోకలు ఎంత దూరం పోయేవో చూడండి. ఆ తర్వాత పదిహేను వందల ఏళ్లకు పైగా అది అడవిలో పడి ఉంది. 1926లో అక్కడ నిలిచి ఉన్న ఒక పాత స్తంభాన్ని గమనించి ప్రభుత్వానికి కబురు పెట్టినవారు సూరపరాజు వెంకటరామయ్య. ఆయన ఆ ప్రాంతపు బడిపంతులు. మన సంచిక చదివే ఉపాధ్యాయులు ఈ ఒక్క పేరు గుర్తుంచుకుంటే నాకు చాలు. ఆయన మాట మీద శాసన శాఖ నుంచి ఎ.ఆర్. సరస్వతి వచ్చి చూశారు. తర్వాత లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు చేశారు.

సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునుగుతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి, ఒడ్డున అనుపు దగ్గరికి తరలించి తిరిగి కట్టారు. ఇప్పుడు మనం ద్వీపం అనుకుంటున్నది ఆ లోయలోని కొండ తల. అబూ సింబెల్ కంటే ముందే మన తెలుగు నేల మీద ఈ పని జరిగింది. మునిగినదంతా పైకి రాలేదు, రాదు కూడా. కానీ మునిగే ముందు చదివారు, కొలిచారు, ఫోటో తీశారు.

ఇదంతా మన ఊరికి ఎందుకంటారా? బొగ్గు కోసం ఊళ్లు లేవడం మనం కళ్లారా చూశాం. నిన్నటి దాకా ఇళ్లు, చింతచెట్లు, పీరీల కొట్టం ఉన్న చోట నేడు ఓబీ మట్టి గుట్టలు. ఓపెన్‌కాస్ట్ అడుగున ఏ పాత ఊరు పోయిందో ఎవరు రాసిపెట్టారు? నదికి అవతలి సంగతీ అంతే. ప్లేడే నాడు స్నానానికి పోయిన గోదావరి మనకు తెలుసు. ఎండాకాలం చెలిమెలు తోడిన ఇసుక తెలుసు. కానీ ఆ ఒడ్డునే పైకి పోతే కోటిలింగాల వస్తుందని, అది నైలు ఒడ్డు ఆలయాలతో పోల్చదగిన కాలం నాటిదని మనలో ఎంతమందికి తెలుసు?

కోటిలింగాల జగిత్యాల జిల్లా వెల్గటూర్ మండలంలో, పెద్దవాగు గోదావరిలో కలిసే చోట ఉంది. మట్టి కోట ఆనవాళ్లు, ఇటుక కట్టడాలు, బావులు అక్కడ బయటపడ్డాయి. అన్నింటికంటే విలువైనవి నాణేలు. గోబద, నారన, కంవాయసిరి, సిరివాయ, సమగోప వంటి పేర్లు వాటి వల్లే చరిత్రకెక్కాయి. వీళ్లు శాతవాహనులకు ముందటి స్థానిక పాలకులు. ఎడ్ఫులో గుడి కడుతున్న రోజులకు అటూ ఇటూగా ఇక్కడ ఈ పేర్లతో డబ్బు చేతులు మారేది. తర్వాత శాతవాహన వంశానికి మొదటివాడైన సిముకుడి నాణేలూ ఇక్కడే దొరికాయి. ఈ నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివి లోకానికి తెలిపారు. వి.వి. కృష్ణశాస్త్రి పురావస్తు శాఖ తరఫున తవ్వకాలు జరిపించారు. శాతవాహనులు ఇక్కడే పుట్టారని మనవాళ్లు సభల్లో ఢంకా బజాయిస్తుంటారు. నేను అంత దూరం పోను. నాణెం చలామణి గురించి చెబుతుంది, పుట్టుక గురించి కాదు. కానీ వాళ్ల తొలి అధికారం మన గోదావరి ఒడ్డున నడిచిందనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ఎన్టీపీసీకి, హైదరాబాద్‌కు నీళ్లిచ్చే ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుక నీరు కోటిలింగాల దాకా నిలుస్తుంది. ఒడ్డు మీద కోటేశ్వరస్వామి గుడి మెట్లు దిగితే నీళ్లే. పడవ తిరగడానికి వీలు కల్పించింది ఆ నీళ్లే, పాత ఊరి అంచుల్లోకి వచ్చిందీ ఆ నీళ్లే. నాగార్జునకొండలో లోయంతా తవ్వారు. ఇక్కడ అంత పెద్ద ఎత్తున జరగలేదు.

మన నది మీద రోజుల తరబడి పోయే పడవ ఎందుకు లేదని కొందరు అడిగారు. ఆ ప్రయత్నం ఒకప్పుడు జరిగింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర బేరార్, వార్ధా పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి చేర్చాలనుకున్నారు. అడ్డుగా మూడు చోట్ల రాతి మెట్టలు ఉన్నాయి. మొదటిది దుమ్ముగూడెం, రెండోది ఇచ్చంపల్లి, మూడోది ప్రాణహిత మీద. హేగ్ అనే ఇంజనీరు ఏళ్ల తరబడి ఆ పనులు చూశారు. ఈలోగా 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. 1871లో పనులు ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట, లాకులు ఆనాటి గుర్తులు. ఆ స్టీమర్లు వచ్చి ఉన్నా మన వైపు వచ్చేవి కావు, కాళేశ్వరం దగ్గర ప్రాణహితలోకి తిరిగిపోయేవి. చిత్రమేమిటంటే 2016 జాతీయ జలమార్గాల చట్టం నాలుగో నంబరు జలమార్గాన్ని భద్రాచలం నుంచి నాసిక్ దాకా పొడిగించింది. అంటే కాగితం మీద గోదావరిఖని ముందు నుంచే జాతీయ జలమార్గం పోతోంది! 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ కుంగిన తర్వాత మాత్రం మన దగ్గర నీళ్ల కంటే ఇసుకే ఎక్కువ కనిపించింది.

కనుక నా ప్రతిపాదన ఇది. మొదటి రోజు పొద్దున్నే కోటిలింగాల. నది ఒడ్డున కనీసం మూడు గంటలు. బోటు దొరికితే నీటి మీద నుంచి దిబ్బను చూద్దాం, దొరకకపోతే నడుద్దాం. మధ్యాహ్నం ధూళికట్ట స్తూపం, దారిలో పెద్దబంకూరు, సాయంత్రం కరీంనగర్ మ్యూజియం, రాత్రి అక్కడే. ఆంధ్రులకు ముప్ఫై కోట పట్టణాలు ఉండేవని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఈ మూడు ఊళ్లు చూశాక ఆ మాట అతిశయోక్తి అనిపించదు. రెండో రోజు సాగర్ చేరుకోవడం, అనుపు చూడటం. మూడో రోజు పొద్దున నాగార్జునకొండ, సాయంత్రం విశ్రాంతి. నాలుగో రోజు శ్రీశైలం లాంచీ. శాతవాహనులతో గోదావరి దగ్గర మొదలుపెట్టి, వాళ్ల తర్వాత వచ్చిన ఇక్ష్వాకులతో కృష్ణ దగ్గర ముగిస్తాం. నైలు వెళ్లగలిగినవాళ్లు ఆ తర్వాత నిశ్చింతగా వెళ్లవచ్చు.

మంథని, కాళేశ్వరం, ప్రాణహిత అవతలి సిరొంచ ఇంటి పక్కవే. వాటికి ఏ ఆదివారమైనా చాలు.

రెండు చిన్న కోరికలు. మొదటి రోజు బస్సులో ఇప్పుడు మన బడిలో తొమ్మిది, పది చదివే పిల్లలకు కనీసం ఇరవై సీట్లు ఉంచండి, వాళ్ల ఖర్చు సంఘం భరించాలి. కోటిలింగాల దిబ్బ మీద కాలికి తగిలే పెంకు, పూస, నాణెం ఏదైనా జేబులో వేసుకోకండి, తీసుకెళ్లి కరీంనగర్ మ్యూజియంలో ఇద్దాం. పేర్లు ఇచ్చేవాళ్లు సాగర్ నీటి మట్టం చూసుకుని తేదీ ఖాయం చేయడానికి వీలుగా దసరా లోపే కార్యవర్గానికి ఇవ్వండి.