సంధి కార్యం చేసిన ఆటగాడు

క్రిందటి వేసవి సెలవులలో మా మనుమడు పాత ఫుట్‌బాల్ ఆటలు చూస్తూ, "తాతయ్యా, గోల్ కొట్టినవాడి పేరే అందరూ చెబుతారు. బంతి అందించినవాడి పేరు చెప్పరేం?" అని అడిగాడు. ముప్పై యేళ్ళకు పైబడి వ్యాకరణం చెప్పినవాడిని గనుక నాకు వెంటనే సంధి స్ఫురించింది. రెండు పదాలు కలిసిన పిమ్మట మన చెవిని పడేది కలిసిన రూపమే. కలిపిన కార్యం కనబడదు. మైదానం నడుమ ఆడే మిడ్‌ఫీల్డరు పనీ అటువంటిదే. అటువంటివారిలో అగ్రగణ్యుడైన మారియు కొలూనా చరిత్ర తెలుగువారికి అంతగా పరిచయం లేనిది కనుక ఇక్కడ ముచ్చటిస్తున్నాను.

కొలూనా 1935 ఆగస్టు 6న, పోర్చుగల్ ఏలుబడిలో ఉన్న మొజాంబిక్‌లో జన్మించాడు. తండ్రి పోర్చుగీసు, తల్లి ఆఫ్రికా స్త్రీ. లొరెన్సు మార్కెస్ నగరంలో (నేటి మపూటో) ఆట నేర్చి, 1954లో లిస్బన్‌లోని బెన్ఫికా జట్టులో చేరాడు. వచ్చినప్పుడు ఆయన గోళ్ళు కొట్టే ముందువరుస ఆటగాడు. బ్రెజిల్ దేశస్థుడైన శిక్షకుడు ఒటో గ్లోరియా ఆయనను వెనుకకు, మైదానం నడుమకు మార్చాడు. పదహారేళ్ళలో బెన్ఫికాతో పదిమార్లు పోర్చుగల్ లీగ్ గెలిచాడు.

1961లో బెర్న్ నగరంలో బెన్ఫికా 3-2తో బార్సిలోనాను ఓడించి యూరోపియన్ కప్పు గెలిచింది. మూడవ గోల్ కొలూనాదే. మరుసటి యేడు ఆమ్‌స్టర్‌డామ్‌లో రియల్ మాడ్రిడ్ 3-2తో ముందుండగా, సమం చేసినవాడు కొలూనా. ఆ తరువాత యుసేబియో రెండు గోళ్ళు కొట్టి 5-3తో గెలిపించాడు. లోకం ఆ చివరి రెంటినే తలచుకుంటుంది. 1963లో వెంబ్లీలో మిలాన్‌తో జరిగిన తుదిపోరులో కొలూనా కాలికి దెబ్బ తగిలింది. ఆ రోజులలో బదులు ఆటగాణ్ణి దించే నియమం లేదు. బెన్ఫికా 1-2తో ఓడింది.

యుసేబియోదీ లొరెన్సు మార్కెసే. 1960 చివరలో ఆ కుర్రవాడు లిస్బన్ చేరినప్పుడు, తన బిడ్డను కనిపెట్టి చూడమని తల్లి కొలూనాకు ఉత్తరం వ్రాసి పంపిందని చెబుతారు. ఆ పెద్దరికాన్ని కొలూనా చివరివరకు నిలుపుకున్నాడు.

ఇక అసలు విషయానికి వస్తాను. బెర్న్‌లో కప్పు గెలిచిన ఆ 1961లోనే అంగోలాలో వలసపాలనపై తిరుగుబాటు మొదలయింది. డిసెంబరులో మన గోవా పోర్చుగీసు చెర వీడింది. 1964 సెప్టెంబరులో ఫ్రెలిమో మొజాంబిక్‌లో సాయుధపోరాటం ప్రారంభించింది. సలజార్ ప్రభుత్వం మాత్రం అవి వలసలు కావు, సముద్రానికి ఆవలనున్న మా రాష్ట్రాలే అని వాదించేది. ఆ వాదానికి ఈ ఆటగాళ్ళు సజీవసాక్ష్యంగా పనికివచ్చారు.

1966 ప్రపంచ కప్పులో పోర్చుగల్ నాయకుడు కొలూనా. ఆయనతోపాటు యుసేబియో, ఇలారియు, విసెంత్ కూడా మొజాంబిక్‌లో పుట్టినవారే. ఆ జట్టు బ్రెజిల్‌ను 3-1తో ఓడించింది. ఉత్తర కొరియాపై 0-3 నుండి తేరుకుని 5-3తో నెగ్గింది. చివరకు మూడవ స్థానంలో నిలిచింది. అదే సమయాన అదే జెండా క్రింద పోర్చుగీసు సైనికులు వారి జన్మభూమిలో యుద్ధం చేస్తున్నారు. ఆ నాయకుని మనసులో ఏముండెనో ఊహించి వ్రాయడం చరిత్ర కాదు. ఆ తరువాత ఆయన ఏమి చేశాడో చెప్పడమే నా పని.

1970లో బెన్ఫికాను వీడి ఫ్రాన్సులోని లియోన్ జట్టుకు ఆడాడు. 1975 జూన్ 25న మొజాంబిక్ స్వతంత్రమయింది. కొలూనా ఆ కొత్త దేశానికే చెందినవాడై, అక్కడి ఫుట్‌బాల్ సమాఖ్యకు అధ్యక్షుడుగా పనిచేశాడు. సామ్రాజ్యం పెట్టిన కిరీటం దిగిన పిమ్మట పుట్టిన గడ్డకు ఆట నేర్పే పనిలో నిలిచాడన్నమాట.

2014 జనవరి 5న యుసేబియో లిస్బన్‌లో కన్నుమూశాడు. ఏడు వారాల తరువాత, ఫిబ్రవరి 25న, కొలూనా మపూటోలో మరణించాడు. యుసేబియో అవశేషాలను 2015లో పోర్చుగల్ జాతీయ స్మారకమందిరానికి తరలించారు. ఒకే ఊరి ఆట నేర్చిన ఇద్దరిలో ఒకరు సామ్రాజ్యపు రాజధానిలో, ఒకరు సొంత నేలమీద కాలం చేశారు. ఎవరిది ఒప్పు అని తీర్పు చెప్పడానికి నేను చాలను.

మనుమడితో మాత్రం ఒక మాట చెప్పాను: ఇకమీదట గోల్ చూసినప్పుడు, బంతి ఎవరి కాలినుండి వచ్చిందో కూడా చూడు నాయనా అని.